చెప్పేదేదో గ్రూపులోనే

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మంచి చీర విప్పి మడత పెట్టి, పాత చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు చుట్టుకుని దేవకుమారి కల్లంలోకి దిగేసరికి ఎండ నడినెత్తికెక్కింది. రెండో కోత కాయ పట్టాల మీద పరిచి ఉంది. పైకాయ పెళుసెక్కింది గానీ అడుగుకాయ ఇంకా మెత్తగానే ఉంది. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం మొదలుపెట్టింది. పాదం కదిలినప్పుడల్లా కింది కాయ పైకి తిరగబడుతోంది. పాదాలకి మంట అలవాటే. గొంతుకే ఏ ఏడూ అలవాటు కాదు.

ఆ రెండెకరాల చేనూ, దాని గట్టున ఉన్న కల్లమూ వెంకటరావమ్మవి. దేవకుమారి కౌలుకి చేస్తోంది. మొగుడు నతానియేలు చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్ళు ఓడరేవుకి చేరవేసే లారీ మీద డ్రైవరు. వారానికోసారి ఇంటికొస్తే గొప్ప. చేను పనంతా ఆమెదే. ఆదివారాలు మాత్రం మార్టూరులో రాయి పాలిష్ చేసే మిల్లులో పనిచేసే మరిది జయపాల్ వచ్చి ఒక చెయ్యి వేస్తాడు. ఆ రోజు కూడా వచ్చాడు. ఎండిన కాయని ఒక పక్కకి కుప్ప చేస్తున్నాడు.

చొక్కా జేబులో ఫోను వరసగా నాలుగైదుసార్లు గుయ్‌మంది. ఆ వరస చూస్తేనే అది ఊరి గ్రూపని తెలుస్తుంది. చినకొమరపాడు మిర్చి రైతుల వాట్సాప్ గ్రూపు. పురుగుమందుల కొట్టు యలమంద పెట్టాడు దాన్ని. యార్డులో రేటు ఎంత పలికింది, ఏ కోల్డ్ స్టోరేజీలో ఖాళీ ఉంది, మబ్బు ఎటు నుంచి వస్తోంది, అన్నీ అందులోనే. మబ్బేమోనని దేవకుమారి తువ్వాలు కొసతో వేళ్ళు తుడుచుకుని ఫోను తీసింది.

మబ్బు కాదు. శివనాగు పెట్టిన మెసేజీ. పదెకరాల ఆసామి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో.

"కాయ చెట్టు మీదే ఎండిపోతోంది. ఇవాళ ఒక్క కూలీ రాలేదు. గొర్రెలన్నీ దొడ్లో ప్రార్థన చేసుకుంటున్నయ్యి."

దాని కింద ఒక వీడియో. ఎవరో తెల్లచొక్కా వేసుకుని పాస్టరులాగా ఊగిపోతుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "మే మే" అంటూ కిందపడి దొర్లుతుంటారు. వెనకనుంచి ఒక గొంతు, "బస్తా బియ్యానికి దేవుణ్ణి మార్చుకున్న గొర్రెలండీ ఇవి" అంటుంది. వీడియో కింద పగలబడి నవ్వే బొమ్మలు. ఆ బొమ్మల మీద వేలు పెడితే నవ్వినవాళ్ళ పేర్లు వచ్చాయి. దేవకుమారి ఒక్కొక్క పేరూ చదివింది. అందులో సగం మంది చేలల్లో ఆమె కాయ కోసింది.

జయపాల్ భుజం మీదుగా తొంగిచూశాడు. "ఇటియ్యి వదినా. నేను రాస్తా."

"నువ్వు రాస్తే తిడతావు. నేను రాస్తా."

ఆమె కల్లం గట్టు మీద వేపచెట్టు నీడలో కూర్చుంది. ఎంత తుడిచినా వేళ్ళకి కారం పోదు. తెర మీద వేలు ఆనిన చోటల్లా ఎర్రటి మరక పడుతోంది. ఒక్కో మాటా వెతుక్కుంటూ రాసింది.

"శివనాగూ, ఈ గ్రూపులో నేనూ ఉన్నాను. మా పాలెం వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట మా అందరికీ తగులుద్ది. మా తాత బస్తా బియ్యానికి చర్చికి పోలేదు. మిషను బళ్ళో అందరి పక్కనా కూర్చోనిస్తారని పోయాడు. కూలీలు రాకపోతే రాలేదని అను. మనుషుల్ని గొర్రెలనొద్దు. ఇట్లు, దేవకుమారి."

పంపించి ఫోను జేబులో పడేసి మళ్ళీ కాయలోకి దిగింది. పట్టా చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేలోపు ఆగలేక తీసి చూసింది. ఆమె రాసిన చోట "ఈ మెసేజీని అడ్మిన్ తొలగించారు" అని ఉంది. దాని కింద యలమంద రాశాడు: "దయచేసి గ్రూపులో మత విషయాలు వద్దు. ఇది మిర్చి గ్రూపు. అందరూ సహకరించగలరు."

దేవకుమారి వేలితో తెరని పైకి జరిపింది. వీడియో అట్లాగే ఉంది. నవ్వేవాళ్ళు ఇంకో ముగ్గురు పెరిగారు.

"చూశావా, నీ మర్యాదకి ఏం మర్యాద జరిగిందో," అన్నాడు జయపాల్.

ఆమె అడుగుకాయ పైకి తేలేదాకా కాళ్ళతో తిరగేస్తూనే ఉంది.

సోమవారం తెల్లారేసరికి గ్రూపులో ఎప్పట్లాగే శుభోదయాలు వచ్చాయి. విభూతి రేఖల శివుడు, పక్కన మారేడు దళం, కింద "ఓం నమశ్శివాయ, శుభ సోమవారం". ఆ బొమ్మలంటే దేవకుమారికి ఏనాడూ కష్టం లేదు. పంపింది తెలిసినవాళ్ళయితే రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపేది కూడా. ఆ వేళ మాత్రం వాటి మీద వేలు ఆగింది. ఇది మిర్చి గ్రూపు అన్న మాట తనొక్కదానికే ఎందుకు వచ్చిందా అనుకుంది.

గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు గానీ ఆమె ఫోనుకి విడిగా మెసేజీలు వచ్చాయి. "అక్కా, బాగా రాశావు." "వాడంతేలే, పట్టించుకోమాకు." "నిజం చెప్పావు గానీ మనకెందుకు చెప్పు." చెక్క మిల్లు కుర్రాడు ఒకడైతే దండం బొమ్మలు వరసగా పెట్టాడు. దేవకుమారి అందరికీ ఒకటే జవాబు రాసింది: "ఈ మాట గ్రూపులో రాయి తమ్ముడూ." అది చదివారు. మళ్ళీ ఎవరూ ఏమీ రాయలేదు.

ఎండ ముదిరేవేళకి సంఘపెద్ద దానయ్య కర్ర పొడుచుకుంటూ కల్లానికి వచ్చాడు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గాలికి ఎదురు పక్కన కూర్చున్నాడు.

"రాత్రి పాస్టరుగారితో మాట్లాడానమ్మా. మనకెందుకీ గొడవ? మనమంతా అందులోంచి వచ్చేద్దాం. పాలెం వాళ్ళం మనకంటూ ఒక గ్రూపు పెట్టుకుంటే పోయె."

"మరి యార్డు రేటు ఎవరు చెప్తారు పెద్దయ్యా?"

"ఎవరో ఒకరు కనుక్కుని చెప్తారు."

"అది కాదు." దేవకుమారి చేతిలో ఉన్న చీపురు కింద పెట్టింది. "ఊరు కట్టినప్పుడు మన ఇళ్ళు ఊరి బయట పెట్టారు. అప్పుడు మనల్ని ఎవరూ అడగలా. ఇప్పుడు ఫోన్లో కూడా ఊరి బయట ఒక పాలెం కట్టుకుందామా? అదీ ఎవరూ పొమ్మనకముందే, మన చేతుల్తో మనమే?"

దానయ్య కాసేపు కర్రతో నేల గీరాడు. "క్షమించమని గదమ్మా వాక్యం."

"క్షమిస్తా. క్షమించడానికి నేను అక్కడ ఉండాలి గదా. లేచి బయటికి పోయాక ఎవర్ని క్షమించేది?"

ముసలాయనకి నవ్వొచ్చింది, దగ్గూ వచ్చింది. "నీ నోటికి నేను సరిపోనులే," అంటూ లేచాడు. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, "జాగర్త," అన్నాడు.

యలమంద పొద్దువాటారాక బండి మీద వచ్చాడు. గట్టున బండి ఆపి, చెప్పులు పక్కన విడిచి, కాయ తొక్కకుండా పట్టా అంచునే నడిచొచ్చాడు. ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. గింజ గలగలమంది.

"బాగా ఎండింది. రేపు తాలు ఏరించు. రంగు పోకముందే ఎత్తెయ్యి."

"దాని కోసం వచ్చావా అన్నా?"

యలమంద కాయ తొడిమ తుంచాడు. "నీ మెసేజీ తీసేయడం... నాకూ బాధగానే ఉందమ్మాయ్. ఏం చెయ్యమంటావు? వాడు కుర్రముండాకొడుకు, ఎనకాల పది మంది ఉన్నారు. మాటకి మాట పెరిగిద్దని తీసేశా. తప్పనుకుంటే తప్పే. ఏమనుకోమాకు."

"వాడి వీడియో ఎందుకు తీయలేదు?"

"తీస్తే వాడు ఊరుకోడు."

"నాదైతే నేను ఊరుకుంటానని తీశావు."

యలమంద తుంచిన తొడిమని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డాడు.

"నువ్విప్పుడు చెప్పావు చూడు, తప్పే అని. అది అక్కడ రాయన్నా," అంది దేవకుమారి. "ఊరందరి ముందూ తిట్టించి, కల్లం గట్టు మీద ఒక్కదానికి చెవిలో చెప్తే ఎట్టా? అక్కడ అన్నమాట అక్కడే తీరాలి. చెప్పేదేదో గ్రూపులోనే చెప్పు."

"రాస్తే కుర్రాళ్ళు నా కొట్టు గడప తొక్కరు తెలుసా?"

"మేమూ తొక్కుతున్నాం గదన్నా నీ కొట్టు గడప. మమ్మల్ని లెక్కలోకి తీసుకోవా?"

అతను నలిగిన తొడిమని పారేసి బండెక్కాడు.

మంగళవారం పొద్దున, శుభోదయాలు అయ్యాక, దేవకుమారి అదే మెసేజీ మళ్ళీ రాసింది. ఈసారి దాని కాపీ ఒకటి ఫోనులో దాచిపెట్టుకుంది. గ్రూపులో పెట్టింది పోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది. కూలీలు తాలుకాయ ఏరుతున్నారు. తెల్లబడ్డ కాయలు ఒక బుట్టలోకి, ఎర్రకాయ పట్టా మీదికి. ఆమె కూడా వాళ్ళతో వరసలో గొంతుక్కూర్చుని ఏరుతూ, మధ్య మధ్య లేచి వెళ్ళి మెసేజీ ఉందో లేదో చూసుకుని, లేకపోతే మళ్ళీ పెట్టి వచ్చి కూర్చుంటోంది. ఆడవాళ్ళకి అదొక ఆటయిపోయింది. "ఉందా?" అని అడుగుతారు. "పోయింది," అంటుంది. "పెట్టు మళ్ళీ," అంటారు.

మధ్యాహ్నం యలమంద ఫోన్ చేశాడు. "దేవకుమారీ, ఇట్టాగే చేస్తే నిన్ను గ్రూపులోంచి తీసేయాల్సి వస్తది."

"తీసెయ్యన్నా. తీసేస్తే దేవకుమారిని తీసేశారని అందరికీ కనపడుద్ది. ఎందుకు తీశారని ఎవడో ఒకడు అడుగుతాడు."

అతను తీయలేదు. మెసేజీని కూడా ఆ పూట ఇంక ముట్టుకోలేదు. కానీ దాని కింద ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

బుధవారం ఆ మౌనాన్ని జయపాల్ పగలగొట్టాడు.

మార్టూరులో తను పాలిష్ పట్టే మిషను ముందు నిలబడి ఫొటో తీశాడు. నల్లటి గ్రానైటు పలక, అద్దంలా మెరుస్తోంది. మీద నీళ్ళు కారుతున్నాయి. ఊరి గ్రూపులో పెట్టి కింద రాశాడు: "రోజూ దీనికి నేనే స్నానం చేయిస్తా. ఇది కూడా దేవుడే, అందరూ దండం పెట్టుకోండి. కానుకలు నాకు ఫోన్‌పే చెయ్యండి."

గ్రూపు అంటుకుంది. నాలుగు రోజులుగా నోరు మెదపనివాళ్ళు కూడా లేచారు. వీడెవడు, వీడికెంత పొగరు, పాలెం వాళ్ళని ఇక చేలల్లోకి రానియ్యొద్దు. శివనాగు అయితే, "చూశారా వీళ్ళ అసలు రంగు" అని రాశాడు. టీ చల్లారేలోపు ఫొటో మాయమైంది. "జయపాల్‌ను అడ్మిన్ తొలగించారు" అని వచ్చింది. దేవకుమారికి ముందు తట్టింది అదే. ఎంత గబుక్కున తీశాడో. తీయడం చేతకాక కాదన్నమాట.

ఆ తరవాత, కల్లం గట్టు మీద వెంకటరావమ్మ కనపడింది.

డెబ్బై దాటిన మనిషి. పొలానికి రావడం మానేసి చాలా కాలమైంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ వచ్చి, దేవకుమారి వేసిన గోనెపట్టా మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగింది. కాసేపు కాయ కుప్ప వంక చూసింది.

"నిన్న నువ్వు రాసింది మా మనవరాలు చదివి వినిపించిందే," అంది చివరికి. "మీ తాత బడి సంగతి. బాగుందనుకున్నా. పైకి అనలేదు. అనాల్సింది. ఇందాక ఆ ఫొటో కూడా చూపించింది."

దేవకుమారి తల దించుకుంది.

"మా దేవుడి గూట్లో ఒక రాయి ఉంది. ఇంతే ఉంటది." ముసలామె బొటనవేలు చూపించింది. "మా అత్తగారు పోతా పోతా నా చేతిలో పెట్టింది. రోజూ నీళ్ళు పోసి బొట్టు పెడతా. మీ మరిది స్నానం చేయించే రాయీ అదీ ఒకటేనంటావా?"

"కాదమ్మగారూ."

"మరి?"

"వాడికి తెలియక కాదు. తెలిసే పెట్టాడు. తప్పే."

వెంకటరావమ్మ చెంగు సర్దుకుంది. లేవడానికి చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. వదిలేటప్పుడు ఆ చేతికి కారం అంటుకుందేమోనని దేవకుమారి తన తువ్వాలుతో తుడిచింది. ముసలామె తుడవనిచ్చింది.

జయపాల్ సాయంత్రం రాతిపొడి కడుక్కోకుండానే వచ్చాడు. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. పాలెంలో కుర్రాళ్ళు భుజం తట్టి పంపినట్టున్నారు, నడకలో ఊపు ఉంది.

"ఎట్టా ఉంది వదినా? నువ్వు ఇన్ని రోజులు రాసినా పలకనోళ్ళు, నేను ఒక్క ఫొటో పెడితే అందరూ పలికారు."

"పలకలేదు, అరిచారు. వెంకటరావమ్మగారు వచ్చి పోయింది."

"భూమి లాక్కుంటానందా?"

"భూమి మాటే ఎత్తలా. వాళ్ళత్త ఇచ్చిన రాయి సంగతి చెప్పిపోయింది. భూమి తీసుకుంటానన్నా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు."

జయపాల్ గట్టు మీద కూలబడ్డాడు. "మరి మనకి కష్టం కలగలేదా? మన ప్రార్థనని 'మే మే' అంటే ఎవడైనా వచ్చి కూర్చున్నాడా నీ దగ్గర?"

"రాలేదు. అందుకేగా నేను పోట్లాడుతోంది."

"నువ్వసలు మన తరఫునా, వాళ్ళ తరఫునా?"

"వాడు మన దేవుణ్ణి ఎక్కిరించాడు, నువ్వు వాళ్ళ దేవుణ్ణి ఎక్కిరించావు. ఇప్పుడు శివనాగుకీ నీకూ తేడా చెప్పు, నీ తరఫునే ఉంటా."

అతను గోళ్ళలో ఇరుక్కున్న రాతిపొడి గీరుకుంటూ కూర్చున్నాడు. కూలీలు కాయని కుప్పలకి లాగి, మంచు పడకుండా పట్టాలు కప్పుతున్నారు. దేవకుమారి నాలుగు మూలలా రాళ్ళు పెట్టి వచ్చి, అతని పక్కన కూర్చుని ఫోను తీసింది. రాస్తే మళ్ళీ తీసేస్తారేమో. రాసింది చదవడం రానివాళ్ళూ ఉన్నారు. గొంతుతోనే చెబుదామనుకుని మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టింది.

"అందరికీ నమస్కారం. నేను పాలెం దేవకుమారిని. జయపాల్ నా మరిది. వాడు పొద్దున పెట్టిన ఫొటో తప్పు. దండం పెట్టుకునేవాళ్ళ మనసు నొప్పించింది. మా ఇంటి తరఫున క్షమాపణ అడుగుతున్నా. చాటుగా కాదు, అందరి ముందే అడుగుతున్నా. ఆ ఫొటో యలమందన్న వెంటనే తీసేశాడు, మంచిపని చేశాడు. ఆదివారం మమ్మల్ని గొర్రెలన్న వీడియో ఇంకా ఇక్కడే ఉంది. అది వెంటనే పోలేదు. మా ఫొటో మీకు ఎంత నొప్పో, మీ వీడియో మాకు అంతే నొప్పి. మా తప్పు మేం ఒప్పుకున్నాం. మీ సంగతి మీరు చూసుకోండి. మా గురించి తెలియంది ఏదన్నా ఉంటే అడగండి, తెలిసినంత చెప్తా. నేను మాత్రం ఈ గ్రూపులోంచి పోను. ఇది మా ఊరిది కూడా."

వేలు తీయబోతుంటే జయపాల్ ఆమె మణికట్టు పట్టుకుని ఫోను తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. "నేను జయపాల్‌ని. అది పెట్టింది నేనే. వెంకటరావమ్మగారూ, తప్పయింది." అంత మాత్రం చెప్పి చెయ్యి వదిలేశాడు. దేవకుమారి వేలు తీసింది. ఆ మాట వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున గ్రూపులో శుభోదయాలు రాలేదు. రేట్లు కూడా రాలేదు. అందరూ విన్నట్టు గుర్తులు మాత్రం పడ్డాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఒక గొంతు మెసేజీ వచ్చింది. గ్రూపు పెట్టాక వెంకటరావమ్మ అందులో మాట్లాడటం అదే మొదలు. ఎక్కడ నొక్కాలో మనవరాల్ని అడగడం కూడా వినపడింది. "జయపాలూ, విన్నాన్రా అబ్బాయ్. సరేలే. యలమందా, మరి శివనాగు సంగతేంది?" అంతే ఉంది అందులో.

దేవకుమారి కల్లానికి వెళ్ళేసరికి యలమంద అక్కడే ఉన్నాడు. కాయ నింపి టిక్కీలు కట్టే ఖాళీ గోనెల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆమెను చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఆ వీడియో తీసేద్దామనే వచ్చానమ్మాయ్. తీస్తా ఉంటే రావట్లా." ఫోను ఆమె వైపు తిప్పాడు. "ఇదివరకు 'అందరికీ తొలగించు' అని వచ్చేది. ఇప్పుడు 'నాకు మాత్రమే తొలగించు' అని వస్తంది. రోజులు దాటితే అంతేనంట."

"అంటే తీస్తే నీకొక్కడికే కనపడదు."

"అంతేగా మరి."

"మాకు కనపడతానే ఉంటది."

యలమంద ఫోను మోకాలి మీద పెట్టుకుని చేత్తో మొహం తుడుచుకున్నాడు. అటు ఎండ పడే వైపు నుంచి ఆడవాళ్ళు పట్టాలు లాగుతున్నారు. ఎర్రకాయ వాసన ఒక్కసారి లేచింది. అతనికి తుమ్ములు వచ్చాయి.

"ఆదివారమే తీసేస్తే చిటికెలో పోయేది," అన్నాడు తనలో తను అనుకున్నట్టు.

"తుడిచే రోజులు అయిపోయినయ్యన్నా. ఇక మాట్లాడాల్సిందే."

"ఏం రాయమంటావో చెప్పు, రాస్తా."

"నేను చెప్పను. నా మాట నేను రాశా, నువ్వు తీశావు. నీ మాట నువ్వు రాయి."

చాలాసేపు పట్టింది. నాలుగు మాటలు రాయడం, కొట్టేయడం, కళ్ళజోడు పైకి జరపడం. ఈలోగా దేవకుమారి కాయ మీద నీళ్ళు చిలకరించి, టిక్కీకి ఎత్తడానికి పదును చూసుకుంది. పొడిగా ఎత్తితే కాయ చిట్లుతుంది, తడి ఎక్కువైతే బూజు పడుతుంది. ఆమె చెయ్యి ఆ పనిలో ఉందిగానీ చెవి అతని మీదే ఉంది. చివరికి అతను లేచి నిలబడి చదివి వినిపించబోయాడు.

"నాకెందుకన్నా, పంపు. అందరితో పాటే చదువుతా."

పంపాడు. ఆమె తన ఫోనులో తీసి చదివింది.

"ఆదివారం శివనాగు పెట్టిన వీడియో తప్పు. దాన్ని ఉంచి దేవకుమారి మర్యాదగా రాసిన జవాబు తీసేయడం నా తప్పు. భయపడి చేశాను. జయపాల్ తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి మళ్ళీ చేరుస్తున్నాను. ఇక నుంచి ఎవరు ఎవరి దేవుణ్ణి తక్కువ చేసినా ఒకటే రూలు. శుభోదయాలు ఎవరివి వాళ్ళు పెట్టుకోవచ్చు. యలమంద."

ఎవరో ఒక బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆదివారం నవ్విన పేరే. దాని వెంటనే యలమంద ఫోనులో బూడిదరంగు అక్షరాలతో ఒక చిన్న వరస వచ్చింది. శివనాగు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకో ఇద్దరు.

యలమంద ఊపిరి వదిలాడు. "పోయాడు. పీడా పోయిందనుకో."

"మళ్ళీ చేర్చు."

"ఎవర్ని?"

"శివనాగుని."

అతను ఆమె వంక ఎగాదిగా చూశాడు. "నిన్ను అన్ని మాటలన్నవాణ్ణి నువ్వే పిలవమంటావేంది?"

"బయటుంటే నా ఎనక అంటాడు. లోపలుంటే నా ముందు అంటాడు. నాకు ముందే కావాలి. ఊరి గ్రూపులోంచి అలిగి ఎవరు పోయినా ఊరుకోను. మమ్మల్ని పోనివ్వలేదు నేను, వాణ్ణి పోనిస్తానా?"

"వస్తాడంటావా?"

"పది ఎకరాల కాయ ఉంది చెట్టు మీద. రేటు తెలియొద్దూ? లింకు పంపు."

యలమంద లింకు పంపి, బండెక్కుతూ, "నువ్వు అడ్మిన్‌గా ఉంటావా?" అన్నాడు.

"పాలెం వాళ్ళ నోరు కట్టడానికా?"

"కాదులే. నా నోరు తెరిపించావు గదా, అందుకని."

"కాయ ఎత్తాక ఆలోచిస్తా," అంది.

మధ్యాహ్నం దాకా గ్రూపు కదలలేదు. టిక్కీలకి ఎత్తడం మొదలైంది. ఒకామె గోనె నోరు పట్టుకుంటే ఇంకొకామె గంపతో పోస్తోంది. దేవకుమారి గోనెలో నిలబడి కాయ సర్దుకునేలా తొక్కుతోంది. మోకాళ్ళ దాకా ఎరుపు. అప్పుడు జేబులో ఫోను గుయ్‌మంది. ఆడవాళ్ళు చేతులు ఆపారు.

శివనాగు లింకు పట్టుకుని తిరిగి వచ్చాడు. వచ్చి క్షమాపణేమీ రాయలేదు. అడిగాడు.

"దేవకుమారి గారూ, తిట్టడం లేదు, అడుగుతున్నా. కోత మూడు వారాల పని. ఆదివారం ఒక్క పూట ఆగితే నాకు కాయ రాలిపోద్ది. ఆ ఒక్క పొద్దు మీరు వదులుకోలేరా? చర్చి ఎక్కడికి పోద్ది?"

దేవకుమారి రెండుసార్లు చదివింది. ఊరి ఆసామి ఎవరూ ఆమెని ఎప్పుడూ 'గారు' అనలేదు. అది ఎక్కిరింపో, మర్యాదో రాతలో తెలియడం లేదు. మర్యాదేననుకుంది. గోనెలోంచి దిగి, అంచున కూర్చుని, రెండు చేతులూ చీరకి తుడుచుకుంది.

"ఏం రాశాడు?" అన్నారు ఆడవాళ్ళు.

చదివి వినిపించింది. ఒకామె, "చెప్పు మరి," అంది. అందరూ దగ్గరికి జరిగారు.

"శివనాగు గారూ," అని మొదలుపెట్టింది. వేలు మండుతోంది, అక్షరం మీద అక్షరం పడుతోంది. కొట్టేసి మళ్ళీ రాసింది. "కాయ రాలితే ఎంత నష్టమో నాకూ తెలుసు, నాకూ చేను ఉంది. ముందుగా చెప్తే శనివారం చీకటి పడేదాకా కోస్తాం, ఆదివారం మధ్యాహ్నం నుంచీ వస్తాం. అది మాట్లాడుకుందాం. పొద్దు మాత్రం వదలం. ఎందుకో చెప్తా. ఆరు రోజులూ మీ చేలల్లో వంగే ఉంటాం. ఏడో రోజు పొద్దున నిటారుగా నిలబడి పాడతాం. అప్పుడు మమ్మల్ని వంగమనే వాళ్ళు ఎవరూ ఉండరు. చర్చి ఎక్కడికీ పోదు, నిజమే. మేమే పోతాం, వంగి వంగి. అందుకని."

చదివి వినిపించకుండానే పంపించింది. గ్రూపు పేరు కింద శివనాగు రాస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్ళీ రాస్తున్నట్టు చూపించింది.

"కాయ ఆరిపోతోంది, ఎత్తుదామా?" అందొకామె.

"కాసేపుండండి," అంది దేవకుమారి. ఫోను చేతిలో పట్టుకుని, నడుం నిలబెట్టి, జవాబు కోసం అట్లాగే నిలుచుంది.